డీలర్ దగ్గర పాత కారు కొంటున్నాం, టోకెన్ ఇచ్చేముందు ఏమేం తేల్చుకోవాలి?

కొత్తస్టీరింగ్

అందరికీ నమస్కారం. ఇంట్లోకి మొదటి కారు తీసుకుంటున్నాం. కొత్తది మా స్తోమతకి మించిన మాట కాబట్టి సెకండ్ హ్యాండ్ చూస్తున్నాం. విడిగా అమ్మేవాళ్ల చుట్టూ తిరిగే తీరిక లేక నేరుగా డీలర్ దగ్గరికే వెళ్లాం. ఒక బండి నచ్చింది. ఆరేళ్ల పెట్రోల్ ఆటోమేటిక్, మీటర్ మీద 41,000 కిలోమీటర్లు. లోపలా బయటా తళతళలాడిపోతోంది.

కానీ మనసు ఒప్పుకోవడం లేదు. తెలిసిన మెకానిక్‌ని తెచ్చుకుంటామంటే "మేం 150 పాయింట్ల చెకింగ్ చేశాకే అమ్మకానికి పెడతామండీ, మళ్లీ బయటివాళ్లెందుకు" అన్నారు. ధర ఎంతంటే ధర చెప్పకుండా "నెలకి ఎంతయితే కట్టగలరు?" అని ఎదురు ప్రశ్న వేశారు. పైగా సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందట, ఇప్పుడే టోకెన్ ఇస్తే మాకోసం ఆపుతారట. ఇవన్నీ మామూలేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్పానర్

టోకెన్ మాత్రం ఇవాళ ఇవ్వకండమ్మా. మిగతావన్నీ తర్వాత.

నేను వర్క్‌షాప్ నడుపుతాను. కొనేముందు చూసి చెప్పమని పాత బళ్లు నా దగ్గరికి తెస్తుంటారు. మెకానిక్ వద్దన్నారంటే బండి పాడైందని నేను అనను. కానీ బండి గురించి వాళ్లకి తెలిసినంత మీకు తెలియకూడదని అనుకుంటున్నారని మాత్రం అర్థం. అది చాలు, జాగ్రత్త పడటానికి.

మళ్లీ వెళ్లేటప్పుడు ముందు రోజే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే ఇంజిన్ వేడి చేశారన్నమాట. కారణం అడగండి, ఇంకోరోజు వస్తామని వచ్చేయండి. ఎందుకంటే ఇంజిన్ తన జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపెడుతుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు కిటికీ దింపి, మాట్లాడకుండా వినండి. గలగలమని గొలుసు కొట్టుకున్నట్టు శబ్దం వచ్చి ఆగిందంటే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ సంగతి చూడాలి. అదే సమయానికి ఇంకొకరు వెనక నిలబడి సైలెన్సర్ చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ అంటే పెట్రోల్ సరిగా మండటం లేదు. చలి పొద్దున తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి పోతే భయం లేదు, అది నీళ్లే. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లగా వస్తూనే ఉంటే మాత్రం కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి. ఇంజిన్ పైభాగాన్ని మూసి ఉంచే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

ఆటోమేటిక్ కాబట్టి ఇంకోటి. బ్రేక్ తొక్కిపట్టి పార్క్ నుంచి రివర్స్‌కి, రివర్స్ నుంచి డ్రైవ్‌కి నెమ్మదిగా మార్చండి. మార్చిన వెంటనే బండి గేర్ అందుకోవాలి. ఆలోచించి ఆలోచించి దడేల్మని అందుకుంటే వదిలేయండి. గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు ముందు మిగతా రిపేర్లన్నీ చిన్నవే. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక ఇంకోసారి చూడండి. కొన్ని గేర్‌బాక్స్‌లు వేడెక్కితేనే జారతాయి. డీలర్ ఇచ్చే ఐదు నిమిషాల రౌండులో ఇది బయటపడదు.

ఆ 41,000 మీటరు మాట నిజమో కాదో బండే చెబుతుంది. బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నగా అయ్యాయా, స్టీరింగ్ తోలు పైభాగాన మెరుస్తోందా, డ్రైవర్ సీటు బయటి అంచు నలిగి కూలబడిందా చూడండి. పెడల్ రబ్బర్లు మాత్రమే కొత్తగా ఉండి సీటు అరిగి ఉందంటే ఆ రబ్బర్లు ఎందుకు మార్చారో అడగాలి.

మాజీసేల్స్

స్పానర్ అన్న బండి సంగతి చెప్పారు, నేను డీలర్ సంగతి చెబుతాను. చాలాకాలం పాత కార్ల సేల్స్‌లో పనిచేశాను, ఇప్పుడు ఆ లైన్‌లో లేను.

ముందు ఆ 150 పాయింట్ల షీటు కాపీ అడగండి. ఇవ్వం అంటే అక్కడితో ఒక సంగతి తేలిపోతుంది. ఇస్తే అందులో టిక్కులున్నాయా, అంకెలున్నాయా చూడండి. "బ్రేకులు: ఓకే" అని టిక్కు కొట్టడానికి చక్రం విప్పక్కర్లేదు. "ముందు ఎడమ ప్యాడ్ 6 మిల్లీమీటర్లు" అని రాయాలంటే ఎవరో ఒకరు వంగి చూసి ఉండాలి. కొత్త ప్యాడ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చే టైమయింది. టైరు కొత్తప్పుడు గాడి లోతు 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 1.6 అనేది చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు, వానలో అంతదాకా ఆగకూడదు. అంకెలు, తేదీ, చూసినవాళ్ల సంతకం ఉన్న షీటు అయితే దానికి విలువ ఇవ్వొచ్చు.

ఇంకో పార్టీ సంగతి. ఒక్కోసారి నిజంగానే వస్తుంది, అబద్ధమని నేననను. కానీ ఆ మాట చెప్పేది మాత్రం మీరు ఇంటికెళ్లి ఆలోచించుకోకుండా ఉండటానికే. చాలామంది డీలర్లు అప్పు తెచ్చి సరుకు పెడతారు. బండి యార్డులో ఉన్న ప్రతి రోజుకీ వాళ్లకి వడ్డీ పడుతుంది. అందుకే "ఈ బండి మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?" అని మామూలుగా అడగండి. నిన్న మొన్న వచ్చినదైతే ధర దిగరు. రెండు మూడు నెలలుగా పడి ఉన్నదైతే దిగుతారు. ఆన్‌లైన్‌లో ప్రకటన పాతదైతే ఆ తేదీ మీకే దొరుకుతుంది.

బండి ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడగండి. ఎక్స్చేంజ్‌లో వచ్చిందా, వేలంలో తెచ్చారా, కంపెనీ లీజు బండా, అద్దెకి తిరిగిందా? వేలం బండి గురించి డీలర్‌కి కూడా పెద్దగా తెలియకపోవచ్చు. ఎక్స్చేంజ్ బండైతే పాత ఓనర్ సర్వీస్ పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి.

ఆ తళతళ గురించి ఒక మాట. అమ్మకానికి పెట్టేముందు ఇంజిన్ కూడా కడిగి పాలిష్ స్ప్రే కొడతారు. చూడ్డానికి బాగుంటుంది, ఆయిల్ ఎక్కడ కారుతోందో మాత్రం కడుగులో పోతుంది. కొంచెం దుమ్ముతో ఉన్న ఇంజిన్ చూస్తే నాకు ధైర్యం ఎక్కువ. కడిగిన బండైతే టెస్ట్ డ్రైవ్ అయ్యాక బానెట్ మళ్లీ ఎత్తి చూడండి, బండి ఆగిన చోట నేలా చూడండి.

షోరూమే_మేలు

ఇంత అనుమానంతో తిరిగితే ఎవరూ కారు కొనలేరండీ. మేం తయారీ కంపెనీ సర్టిఫై చేసిన పాత కారు కొన్నాం, కాస్త ఎక్కువ పెట్టాం, వారంటీతో వచ్చింది. ఒకసారి ఏసీ కంప్రెసర్ పోతే మాట్లాడకుండా మార్చారు. మెకానిక్ ఖర్చు, తిరుగుడు, ఈ పెడల్ రబ్బర్ల పరిశోధన అన్నీ తప్పాయి. డీలర్లందరినీ ఒకే గాటన కట్టకండి.

స్పానర్

కట్టడం లేదండీ. నా కస్టమర్లలో మంచి డీలర్లూ ఉన్నారు, వాళ్లే బండి నా దగ్గరికి పంపి "చూసి ఉన్నదున్నట్టు చెప్పండి" అంటారు.

మీకు కలిసొచ్చింది వారంటీ వల్ల, అది తయారీ కంపెనీది కావడం వల్ల. "సర్టిఫైడ్" అనే మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. దాని వెనక ఎవరున్నారన్నదే ప్రశ్న. తయారీ కంపెనీయా, వారంటీలు అమ్మే వేరే సంస్థా, ఆ డీలరేనా? డీలర్ సొంత వారంటీ అయితే డీలర్ షాపు ఉన్నన్నాళ్లే. వారంటీ కాగితంలో కవరయ్యేవి ఏమిటో కాక, కవర్ కానివాటి జాబితా ముందు చదవండి. "అరుగుదల వల్ల పోయినవి వర్తించవు" అని ఒక్క వాక్యం ఉంటే క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, ఆయిల్ సీళ్లు అన్నీ అందులోకి తోసేయొచ్చు. ఒక్కో క్లెయిమ్‌కి పరిమితి ఎంత? లోపం వెతకడానికి విప్పిన కూలీ ఎవరిది? ఏ వర్క్‌షాప్‌కైనా వెళ్లొచ్చా, వాళ్లు చెప్పిన చోటికేనా? సర్వీస్ ఒక్కసారి ఆలస్యమైతే వారంటీ మొత్తం రద్దవుతుందా?

సర్టిఫైడ్ బండి అయినా బయటి మెకానిక్‌కి చూపించమనే చెబుతాను. బండి బాగుంటే మంచిదే కదా.

లెక్కలపద్దు

"నెలకి ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్న దగ్గర ఎవరూ ఆగలేదు. మొత్తం బేరంలో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

మీరు నెలకి ఇంత అని ఒక అంకె చెప్పారనుకోండి. దాన్ని అలాగే ఉంచి ధర పెంచొచ్చు, వడ్డీ పెంచొచ్చు, యాడ్-ఆన్‌లు కలపొచ్చు. నెలలు సాగదీస్తే చాలు, మీ అంకె మారదు.

లెక్క చూడండి. అప్పు 100 అనుకుందాం, వడ్డీ తగ్గే బాకీ మీద ఏడాదికి 12 శాతం. 36 నెలల్లో తీరిస్తే మొత్తం కట్టేది సుమారు 119.6. 60 నెలలైతే 133.5. 84 నెలలైతే 148.3. నెలవారీ కిస్తీ 3.32 నుంచి 1.77కి పడిపోతుంది కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది, కానీ వడ్డీయే దాదాపు అసలులో సగమైంది. ఈలోపు బండి పాతబడుతూ ఉంటుంది. ఒక దశలో బండి విలువ కంటే మీ బాకీయే ఎక్కువ ఉండొచ్చు. మధ్యలో అమ్మాల్సొస్తే చేతినుంచి వేసుకోవాలి.

ఇంకోటి, వడ్డీ ఫ్లాటా (అంటే చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదే), తగ్గే బాకీ మీదా అని తప్పకుండా అడగండి. "7 శాతమే" అని ఫ్లాట్ లెక్కన చెబితే 60 నెలలకి 100 మీద 35 వడ్డీ, మొత్తం 135. పైన చూపిన 12 శాతం కంటే అదే ఎక్కువ! వినడానికి 7, కట్టడానికి 12కి పైన. ఇద్దరు ఫైనాన్స్ వాళ్లని పోల్చాలంటే ఫ్లాట్‌ని ఫ్లాట్‌తో, తగ్గేదాన్ని తగ్గేదానితోనే పోల్చాలి. లేదా తిన్నగా "చివరి కిస్తీ కట్టేసరికి మొత్తం ఎంత కట్టి ఉంటాను, ప్రాసెసింగ్ ఫీజుతో సహా?" అని అడిగి ఆ ఒక్క అంకె రాయించుకోండి.

వీలైతే డీలర్ దగ్గరికి వెళ్లేముందే మీ బ్యాంకులో అప్పు ఎంతకి వస్తుందో కనుక్కోండి. డీలర్ తెచ్చే అప్పులో డీలర్‌కి కమిషన్ ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఒక్కోసారి డీలర్ ఇచ్చేదే చవక కావొచ్చు, కాదనను. పోల్చడానికి చేతిలో ఇంకో కాగితం ఉండాలి, అంతే.

కాబట్టి వాళ్లు అడిగినప్పుడు ఒకటే జవాబు: "నెల సంగతి తర్వాత. అన్నీ కలిపి బండి నా చేతికి ఎంతకొస్తుందో చెప్పండి."

తడిసినసీటు

మెకానిక్‌కి చూపించమన్న మాట నేనూ గట్టిగా చెబుతాను. మా అన్నయ్యకి ఒక డీలర్ అమ్మిన బండి వరదలో మునిగినదని కొన్న కొన్ని వారాలకి బయటపడింది. పవర్ విండోలు ఒకటొకటిగా ఆగిపోయాయి, తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరలేదు. డీలర్‌ని అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానని సంతకం పెట్టారు కదా" అన్నాడు. కాగితంలో అది నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో.

ఆ బండిని విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. డ్రైవర్ సీటు బెల్టు పూర్తిగా, ఆఖరిదాకా బయటికి లాగితే చివరి జానెడు మేర రంగు మారి ఉంది. బెల్టు చుట్ట లోపలే ఉండిపోతుంది కాబట్టి అక్కడ ఎవరూ కడగలేదు. కార్పెట్ మీద కొత్త మ్యాట్లు, షాంపూ వాసన. కార్పెట్ ఎత్తితే కింద స్పాంజిలో ఎండిన ఒండ్రు పొడిగా రాలింది. సీటు రైలు బోల్టులకి తుప్పు. స్టెప్నీ తీస్తే గుంటలో అంచు వెంబడి సన్నటి మట్టి గీత. బయట హెడ్‌లైట్ మాత్రం కొత్తది వేసి ఉంది, పాతదాంట్లో నీళ్లు నిలిచి ఉంటాయి మరి.

ఇవన్నీ చూడటానికి పనిముట్లు అక్కర్లేదు. బెల్టు లాగండి, స్టెప్నీ ఎత్తండి, ముక్కుకి పని చెప్పండి. మరీ ఘాటుగా అత్తరు కొట్టిన బండైతే ఏసీ వేసి అద్దాలన్నీ మూసి కాసేపు కూర్చోండి, అసలు వాసన తనే వస్తుంది.

విన్‌వేట

కాగితాల వైపునుంచి నావి కొన్ని.

ప్రతి బండికీ 17 అక్షరాంకెల విన్ నంబరు, అంటే ఆ బండి గుర్తింపు సంఖ్య ఉంటుంది. 1981 తర్వాతి బళ్లకి ఇదే పద్ధతి అలవాటయింది. ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. కాబట్టి ఆ అక్షరాలు కనిపించాయంటే ఎక్కడో తేడా ఉంది. ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద, డ్రైవర్ తలుపు స్తంభం మీద స్టిక్కర్‌పై, ఛాసిస్ మీద అచ్చు కొట్టిన చోట, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న నంబర్లు అక్షరం అక్షరం సరిపోవాలి. డీలర్ పంపిన ఫోటో చూసి కాదు, బండి దగ్గర నిలబడి సరిచూసుకోండి.

అదే నంబరుతో తయారీ కంపెనీ సైటులో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లని వెనక్కి పిలవడం) ఏమైనా పెండింగ్ ఉందేమో చూడొచ్చు. టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుందా? వేడికీ తేమకీ లోపలి మందు చెడి, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మేవి. ప్రపంచమంతా కలిపి బ్యాగుని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు దాదాపు పది కోట్లు వెనక్కి పిలిచారు. రీకాల్ పని తయారీ కంపెనీ ఉచితంగానే చేస్తుంది, కానీ ఓనర్లు మారిన పాత బళ్లకి ఆ ఉత్తరాలే అందవు. అందుకే మీరే చూసుకోవాలి.

పాత ఓనర్ అప్పు తీరిందో లేదో కూడా తేల్చుకోండి. "తీరిపోయిందండీ" అంటే చాలదు, అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన క్లియరెన్స్ కాగితం కళ్లతో చూడాలి.

మీటర్ తిప్పారన్న అనుమానముంటే సర్వీస్ బిల్లులు తేదీల వరసలో పేర్చండి. ప్రతి బిల్లు మీదా ఆ రోజు కిలోమీటర్లు ఉంటాయి. అంకె ఎప్పుడూ పెరుగుతూనే ఉండాలి. చాలా కార్లలో మీటర్‌లోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలోనూ ఆ లెక్క నిలవ ఉంటుంది, కంపెనీ స్కానర్ ఉన్నవాళ్లు చదవగలరు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఒక్కోసారి ఆ అంకెలు టైరు లోపలివైపే ఉంటాయి, వంగి చూడాలి.

పొద్దుతిరుగుడు

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. పాత ఎలక్ట్రిక్ కారుకీ ఇవే వర్తిస్తాయా?

విన్‌వేట

కాగితాలు, ఫైనాన్స్ అన్నీ ఇవే. బండిలో మాత్రం అన్నిటికంటే ముందు బ్యాటరీ ఆరోగ్యం శాతం రాసిన రిపోర్టు అడగండి. నిండా చార్జి చేస్తే డాష్‌బోర్డు మీద ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందన్నది నమ్మదగ్గ కొలత కాదు, అది కిందటిసారి నడిపిన తీరుని బట్టి మారుతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే వర్తించేలా. అది రెండో ఓనర్‌కి బదిలీ అవుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫాస్ట్ చార్జర్ దగ్గర ఒకసారి పెట్టి చూడండి.

కొత్తస్టీరింగ్

మళ్లీ వెళ్లొచ్చాం. చెబితే నమ్మరు, షీటు అడిగితే మొదట "సిస్టంలో ఉంది" అన్నారు, తర్వాత తెచ్చి చూపించారు. 150 టిక్కులు, ఒక్క అంకె లేదు, సంతకమూ లేదు. బానెట్ వెచ్చగా ఉంది. టైర్లు నాలుగూ రెండేళ్ల కిందటివి. 41,000కే పాత టైర్లు ఎందుకు మార్చారంటే తెలియదన్నారు. సర్వీస్ బిల్లులు లేవు. మెకానిక్‌ని మాత్రం "యార్డులో పైపైన చూసుకోండి, లిఫ్ట్ మీద ఎక్కించడానికి కుదరదు" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాం. ఇంకో పార్టీ అన్నారు కదా, ఆ కారు ఇంకా అక్కడే ఉంది.

ఇంకో డీలర్ దగ్గర అదే మోడల్ చూశాం. 68,000 తిరిగింది, రంగు కొంచెం మాసింది. కానీ మొదటి సర్వీస్ నుంచి బిల్లులన్నీ ఉన్నాయి. మెకానిక్ అనగానే "తీసుకెళ్లి చూపించుకోండి, మా వాడొకడు కూడా వస్తాడు" అన్నారు. కిలోమీటర్లు ఎక్కువని ఇంట్లో వెనకాడుతున్నారు.

మాజీసేల్స్

నేనైతే లెక్క తేలని 41,000 కంటే బిల్లులున్న 68,000 తీసుకుంటాను, రెండో ఆలోచన లేకుండా.

దీని మీద అర్థశాస్త్రంలో పెద్ద చర్చే ఉంది. 1970లో జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకుని రాశారు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే కొనేవాడు అన్ని బళ్లకీ అనుమానపు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి అమ్మడం గిట్టక మంచివాళ్లు తప్పుకుంటారు, చివరికి బజారులో చెత్త మిగులుతుంది. 2001లో ఇంకో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. నేను సేల్స్‌లో ఉన్నప్పుడు ఇది రోజూ చూశాను. నిజంగా మంచి బండి ఉన్న డీలర్‌కి బయటి మెకానిక్ వల్ల లాభమే, ఎందుకంటే అతని మాట నమ్మించడానికి వేరే దారి లేదు. మీ రెండో డీలర్ చేసింది అదే.

స్పానర్

తీసుకెళ్లేటప్పుడు మీ మెకానిక్‌కి ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చదివే పరికరం) పెట్టమనండి. తప్పుల కోడ్‌లు ఏమీ లేవంటే సంబరపడొద్దు. లోపల "రెడీనెస్" అని ఇంకో పేజీ ఉంటుంది. నిన్ననే కోడ్‌లు చెరిపేసి ఉంటే అక్కడ కొన్ని పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తుంది. బ్యాటరీ విప్పినా అలాగే చూపిస్తుంది కాబట్టి వెంటనే దొంగ అనకండి, కానీ కారణం అడగండి. కొన్నాళ్లు మామూలుగా తిరిగిన బండిలో అవి పూర్తయి ఉండాలి.

పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద మాత్రమే 300 వస్తే దానికి మళ్లీ రంగు వేశారు. వెయ్యి దాటిందంటే కింద పుట్టీ ఉంది, దెబ్బ గట్టిదే. ఒక డోరుకి గీత పడి రంగు వేయించడం తప్పేం కాదు. ఛాసిస్ కాళ్ల మీద, రూఫ్ స్తంభాల మీద వెల్డింగ్ గుర్తులుంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

కొత్తస్టీరింగ్

చూపించాం! ఛాసిస్ శుభ్రం. ముందు కుడి ఫెండర్‌కి (చక్రం పైనుండే రేకుకి) మళ్లీ రంగు వేశారు, 260 చూపించింది, పుట్టీ లేదు. రెడీనెస్ అన్నీ పూర్తయి ఉన్నాయి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చినట్టు బిల్లుల్లో లేదు. వెనక బ్రేక్ ప్యాడ్లు 3 మిల్లీమీటర్లే ఉన్నాయి. డీలర్‌కి చూపిస్తే ఫెండర్ సంగతి ముందే చెప్పాల్సిందని ఒప్పుకుని, ప్యాడ్లు, గేర్‌బాక్స్ ఆయిల్ తనే మార్పిస్తానన్నారు. రెండో తాళం పాత ఓనర్ దగ్గరుందట, తెప్పిస్తారట.

ధర కూడా మొత్తంగానే మాట్లాడాం, లెక్కలపద్దు గారికి దండాలు. కాగితంలో కోటింగ్ ప్యాకేజీ, టైర్ ప్రొటెక్షన్, ఏదో "హ్యాండ్లింగ్" అని మూడు వరసలున్నాయి. ఒక్కోటి దేనికని అడిగితే రెండు తీసేశారు. ఇప్పుడు అడ్వాన్స్ ఇచ్చేముందు ఏమేం రాయించుకోవాలి?

మాజీసేల్స్

వాళ్లు నోటితో ఒప్పుకున్నది ఒక్కటి కూడా నోటితో వదిలేయకండి. సేల్స్‌లో ఉన్నవాళ్లు మారిపోతారు, కాగితం మారదు. ప్యాడ్లు ఏ బ్రాండువి, గేర్‌బాక్స్ ఆయిల్ ఏ గ్రేడుది, ఏ తేదీలోపు, బిల్లు ఎవరిపేరున వస్తుంది. ఆటోమేటిక్‌లో తప్పుడు గ్రేడు ఆయిల్ పోస్తే మార్చకపోవడమే నయం. రెండో తాళం ఫలానా రోజులోపు రాకపోతే కొత్తది చేయించే ఖర్చు డీలర్‌దే అని ఒక వాక్యం రాయించండి. ఫెండర్ రంగు సంగతి కూడా వాళ్ల చేతే రాయించండి, రేపు మీరు అమ్మేటప్పుడు పనికొస్తుంది.

అడ్వాన్స్ రసీదు మీద బండి నంబరు, ఒప్పుకున్న మొత్తం ధర ఉండాలి. "అప్పు మంజూరు కాకపోయినా, పైన రాసిన పనులు పూర్తికాకపోయినా అడ్వాన్స్ పూర్తిగా వాపసు" అన్న మాట తప్పనిసరి. ఖాళీలున్న ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి, "తర్వాత మేం నింపుతాం" అన్నా సరే.

అప్పు ఆఖరి మంజూరు రాకముందే "బండి తీసుకెళ్లిపోండి, కాగితాలు తర్వాత" అంటే తీసుకెళ్లకండి. కొన్నాళ్లకి ఫోన్ చేసి "ఆ వడ్డీకి కుదర్లేదు, ఎక్కువ వడ్డీకి మళ్లీ సంతకం పెట్టండి" అనడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. అప్పటికి బండి మీ వాకిట్లో ఉంటుంది, ఇంట్లోవాళ్లు అలవాటు పడి ఉంటారు, మీరు కాదనలేరు.

లెక్కలపద్దు

మిగిలిన ఆ మూడో వరస ఏమిటో చూడండి. పేరు మార్పిడికి ప్రభుత్వానికి కట్టే ఫీజు అయితే రసీదు వస్తుంది. వాళ్ల సొంత చార్జి అయితే అది ధరలో భాగమే, బేరం ఆడొచ్చు. "ఇది అందరికీ వేస్తాం" అంటే బండి ధరలో అంత తగ్గించమనండి, మీకు రెండూ ఒకటే.

ఇన్సూరెన్స్ బండి గేటు దాటక ముందే మీ పేరున ఉండాలి. పాత ఓనర్ పాలసీ నడుస్తోందన్న మాట మీద ఆధారపడకండి.

కొత్తస్టీరింగ్

అన్నీ రాయించాం. వాపసు వాక్యం దగ్గర మాత్రం కాసేపు గునిశారు, మేనేజర్ వచ్చి ఒప్పుకున్నారు. మూడో వరస వాళ్ల సొంత చార్జే, సగానికి తగ్గించారు. అప్పు మా బ్యాంకులోనే తీసుకున్నాం, డీలర్ తెచ్చినదాని కంటే మొత్తం మీద తక్కువ పడింది. ప్యాడ్లు, ఆయిల్ మార్చిన బిల్లులు అందాయి. రెండో తాళం కూడా వచ్చింది. రేపు డెలివరీ. ఇంకేమైనా మిగిలిందా?

విన్‌వేట

రెండు చిన్న పనులున్నాయి. కారు కంప్యూటర్‌లో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించమనండి. మీ చేతిలో రెండే ఉండి అక్కడ మూడు కనిపిస్తే మూడోది చెరిపించి తీసుకోండి. అలాగే పాత ఓనర్ ఫోన్ యాప్‌కి ఈ కారు ఇంకా కలిసి ఉందేమో చూడండి. ఉంటే వాళ్లు దూరంనుంచి లొకేషన్ చూడొచ్చు, కొన్ని మోడళ్లలో తలుపులూ తీయొచ్చు. స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా కొన్ని కార్లలో పాత ఖాతా పోదు, కంపెనీ వాళ్లే తీసేయాలి. డెలివరీ రోజు డీలర్ దగ్గర ఉండగానే మీ ఫోన్‌లో యాప్ పెట్టి, బండి మీ పేరున నమోదయ్యాక బయల్దేరండి.

స్పానర్

ఇంటికొచ్చాక ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఒకసారి మార్పించేయమ్మా, డీలర్ మార్చామన్నా సరే. ఆ రోజు కిలోమీటర్లు రాసిపెట్టుకో. తర్వాత ఒక నెలపాటు వారానికోసారి, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్, కూలెంట్ మట్టం చూడు. ఏదైనా తగ్గుతోందంటే వారంటీ ఉంటే దాని గడువు దాటకముందే డీలర్‌కి మెసేజ్ రాతలో పంపు, ఫోన్‌లో చెప్పి ఊరుకోకు.